‘నీ మనసులో ఏముంది?’ అని అడిగే ముందు

ఆటిజం ఉన్న మా తమ్ముడికి పదహారేళ్ళు నిండిన నెలలో ఒక కౌన్సెలింగ్ కేంద్రంలో వాడి చేతికి ప్రశ్నల కాగితం ఒకటి ఇచ్చారు. మొదటి ప్రశ్న, “నీకు తరచుగా ఆందోళనగా ఉంటుందా?” అని. వాడు చాలాసేపు ఆలోచించి ‘లేదు’ అన్న గడిలో టిక్కు పెట్టాడు. బయటికి వచ్చాక బస్టాపులో నన్ను అడిగాడు: “అక్కా, ఆందోళన అంటే జెండాలు పట్టుకుని రోడ్డు మీద కూర్చోవడం కదా, నేనెప్పుడు కూర్చున్నాను?” వాడు రోజూ పొద్దున్నే పేపరు మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదువుతాడు. పేపర్లో ఆ మాటకు అర్థం చాలాసార్లు అదే. అప్పటికి వాడు కాలేజీ మానేసి మూడు నెలలు. రాత్రి రెండింటి దాకా నిద్రపోకుండా అరచేతులు గోళ్ళతో గీరుకుంటూ కూర్చునేవాడు. ఆ కాగితం ప్రకారం మాత్రం వాడికి ఆందోళన లేదు.

ఆ కేంద్రానికి ఆరు వారాలు తిరిగాం. ప్రతిసారీ ఎదురెదురుగా రెండు కుర్చీలు, “చెప్పు నాన్నా, నీ మనసులో ఏముంది?” అన్న ప్రశ్న, వాడి మౌనం. ఏడో వారం అమ్మనూ నన్నూ కూర్చోబెట్టి, “బాబు సహకరించడం లేదండీ, ఆటిజం ఉన్న పిల్లలకు మాటలతో చేసే చికిత్స పట్టదు” అని చెప్పి పంపించేశారు. అమ్మ ఆ మాట నమ్మింది. కొన్నాళ్ళు నేనూ నమ్మాను. ఆ మాట తప్పని ఇప్పుడు నాకు తెలుసు. అది విని ఇంకెన్ని ఇళ్ళలో ఆశ వదులుకుని ఉంటారో అన్న బాధతోనే ఈ వ్యాసం రాస్తున్నాను. మాటల చికిత్స ఈ పిల్లల్లో చాలామందికి పడుతుంది. పట్టనిది మనం అలవాటుగా వాడే మాటల తీరు. ఆ తీరును మార్చుకోవలసిన బాధ్యత చికిత్స చేసేవారి మీద ఉంది, దాన్ని పిల్లల నెత్తిన వేసి ‘సహకరించడం లేదు’ అని ఫైలు మూసేయడం అన్యాయం.

ఆటిజానికీ భయానికీ ఉన్న సంబంధం కొత్తగా ఎవరో కనిపెట్టింది కాదు. 1943లో బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రి వైద్యుడు లియో కానర్ పదకొండు మంది పిల్లల గురించి రాసిన మొట్టమొదటి పత్రంలోనే ఆ పిల్లలు హడలిపోయే వస్తువుల జాబితా ఉంది: లిఫ్టులు, వాక్యూమ్ క్లీనర్లు, గుడ్లు గిలకొట్టే మరలు, కుళాయి నీటి చప్పుడు, చివరికి గాలి. అది చదివిన రోజు నాకు మా వంటిల్లు గుర్తొచ్చింది. మిక్సీ వేయబోయే ముందు అమ్మ “వేస్తున్నా, వేస్తున్నా” అని రెండుసార్లు కేకేసి చెప్పడం మా ఇంట్లో పదేళ్ళ అలవాటు. వాడు చెవులు మూసుకుని మేడ మీదికి వెళ్ళిపోయేవాడు. ఎనభై ఏళ్ళ కిందట వేరే దేశంలో ఒక వైద్యుడు చూసినదాన్నే మేమూ చూస్తున్నాం, కాకపోతే దాన్ని ‘వీడి చాదస్తం’ అనుకున్నాం.

ఆ తర్వాత లెక్కలూ వచ్చాయి. ఆటిజం ఉన్న పిల్లలు, యువత మీద అప్పటిదాకా జరిగిన 31 అధ్యయనాలను, అంటే 2,121 మంది వివరాలను, నెదర్లాండ్స్ పరిశోధకులు 2011లో ఒకచోట చేర్చి చూస్తే, సుమారు 40 శాతం మందిలో చికిత్స అవసరమైన స్థాయిలో ఏదో ఒక ఆందోళన రుగ్మత కనిపించింది. అయిదుగురిలో ఇద్దరన్నమాట. మన దగ్గర ఆటిజం వల్ల వైకల్యం ఎంత శాతమో నిర్ణయించి ధ్రువపత్రం ఇవ్వడానికి వాడే కొలమానం సికింద్రాబాద్‌లోని మానసిక వికలాంగుల జాతీయ సంస్థలోనే తయారైంది. అందులో నలభై అంశాలు ఉన్నాయి. వాటిలో ఒకటి, కనిపించే కారణమేదీ లేకుండా బిడ్డ ఉద్రేకపడటం. ధ్రువపత్రానికి ఆ కొలమానం అవసరమే, దాన్ని తయారుచేసినవారి మీద నాకు ఫిర్యాదు లేదు. అయితే మా తమ్ముడికి ఆ గడిలో ఎక్కువ మార్కులు పడ్డ రోజున, కారణం ఎవరికి కనిపించలేదు అని ఒక్కరైనా అడిగి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనుకుంటాను. కారణం ఎప్పుడూ ఉంది. అది వాడికి కనిపిస్తూనే ఉంది.

ఇక్కడ చికిత్స గురించి కాస్త చెప్పాలి. కౌన్సెలింగ్ అనగానే మనలో చాలామంది మంచి మాటలు చెప్పి ధైర్యం నూరిపోయడం అనుకుంటారు. ఆందోళనకు బాగా పరీక్షించిన చికిత్స అది కాదు. అమెరికాలోని ఫిలడెల్ఫియాలో ఆరన్ బెక్ 1960ల నుంచి పెంచి పోషించిన కాగ్నిటివ్ థెరపీ నుంచి వచ్చిన సీబీటీ (కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ, అంటే ఆలోచనలనూ అలవాట్లనూ మార్చుకునే చికిత్స) పద్ధతిలో అసలు పని వేరు. భయపడేవాడు భయపెట్టేదాన్ని తప్పించుకుంటాడు. తప్పించుకోగానే ప్రాణం హాయిగా ఉంటుంది. ఆ హాయే భయానికి మేత అవుతుంది, ఎందుకంటే ‘తప్పించుకున్నాను కాబట్టి బతికాను’ అన్నదే ఒంటికి గుర్తుండిపోతుంది. అందుకని, భయపడినప్పుడు మనసు ఏమని జోస్యం చెబుతోందో రాసుకోవడం, ఆ జోస్యం నిజమవుతుందో లేదో మెట్టు మెట్టుగా, చిన్న మోతాదులో, బిడ్డ ఒప్పుకోలుతో పరీక్షించి చూడటం, ఇదీ చికిత్స. అదే ఊళ్ళో టెంపుల్ విశ్వవిద్యాలయంలో ఫిలిప్ కెండాల్ పిల్లల కోసం దీన్ని ‘కోపింగ్ క్యాట్’ అనే పదహారు వారాల పాఠంగా మార్చాడు.

మామూలు పిల్లల కోసం రాసిన ఈ పాఠం ఆటిజం ఉన్న పిల్లలకు యథాతథంగా సరిపోతుందా, మార్చి చెబితే ఇంకా మేలా అన్న ప్రశ్నకు దగ్గరగా వచ్చిన జవాబు 2020లో దొరికింది. లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన జెఫ్రీ వుడ్ బృందం మూడు విశ్వవిద్యాలయాల్లో 7 నుంచి 13 ఏళ్ళ మధ్య 167 మంది పిల్లలను తీసుకుని, కొందరికి మామూలు కోపింగ్ క్యాట్‌నూ, కొందరికి ఆటిజం కోసమే మలిచిన సీబీటీనీ ఇచ్చి, మిగిలినవారికి ఊళ్ళో ఎప్పుడూ దొరికే సహాయాన్నే కొనసాగించింది. రెండు సీబీటీలూ మామూలు సహాయం కంటే బాగా పనిచేశాయి. ఆటిజం కోసం మలిచినది ఆందోళన తీవ్రతను తగ్గించడంలో ఇంకా ముందుంది. నేను ఇక్కడ నిజాయితీగా ఉండాలి: మార్చని పాఠం కూడా చాలామంది పిల్లలకు మేలే చేసింది. కాబట్టి ‘ఈ పిల్లలకు మాటల చికిత్స పట్టదు’ అన్న మాట రెండు రకాలుగా తప్పు. ఇంగ్లండ్‌లో ఏ జబ్బుకు ఏ చికిత్స ఇవ్వాలో మార్గదర్శకాలు రాసే నైస్ సంస్థ 2013లోనే, మాట్లాడగలిగి పాఠంలో పాలుపంచుకోగలిగిన ఆటిజం పిల్లల ఆందోళనకు సీబీటీని మార్చి ఇవ్వడాన్ని పరిశీలించమని చెప్పి, ఏమేం మార్చాలో కూడా రాసింది: భావాలను గుర్తుపట్టడం ముందుగా నేర్పమని, రాతనూ బొమ్మలనూ ఎక్కువగా వాడమని, ఊహాజనితమైన ప్రశ్నలు తగ్గించి జవాబుల్లోంచి ఎంచుకునే వీలు ఇవ్వమని, మధ్యలో విరామాలు ఇవ్వమని, తల్లిదండ్రులను కలుపుకోమని, బిడ్డకు ప్రాణమైన విషయాన్ని చికిత్సలోకి తీసుకురమ్మని. ఇవేవీ ఖరీదైన యంత్రాలు కావు. ఒక కాగితం, ఒక పెన్సిలు, కొంత ఓపిక.

మాకు ఆ కాగితం, పెన్సిలు దొరకడానికి ఇంకో ఎనిమిది నెలలు పట్టింది. మేముండేది విజయవాడలో. రెండోసారి మేము వెళ్ళిన క్లినికల్ సైకాలజిస్టు మొదటి రోజు మా తమ్ముడిని ఏమీ అడగలేదు. వాడి జేబులోంచి తొంగిచూస్తున్న రైళ్ళ టైంటేబుల్ వైపు చూసి, “గుంటూరు ప్యాసింజరు మంగళగిరిలో ఎంతసేపు ఆగుతుంది?” అని మాత్రం అడిగింది. వాడు ఆ గంటలో మా ఇంట్లో వారం రోజుల్లో మాట్లాడనన్ని మాటలు మాట్లాడాడు. రెండో రోజు ఆవిడ గోడకున్న ఫ్యాన్ రెగ్యులేటర్ చూపించి, “నీ లోపల కూడా ఇలాంటిది ఒకటి ఉందనుకో, ఇప్పుడు ఎంత మీద ఉంది?” అంది. వాడు లేచి వెళ్ళి రెగ్యులేటర్ తిప్పి చూసి, మళ్ళీ కూర్చుని, “మూడు” అన్నాడు. తన లోపలి సంగతి వాడు ఒక అంకెగా చెప్పడం నేను వినడం అదే మొదటిసారి.

తన భావమేమిటో తనకే తెలియకపోవడం, తెలిసినా దానికి పేరు పెట్టలేకపోవడం అనే స్థితికి వైద్యులు అలెక్సిథైమియా అని పేరు పెట్టారు. ఆటిజం ఉన్నవాళ్ళందరికీ అది ఉండదు గాని, చాలామందిలో ఉంటుంది. అలాంటి బిడ్డను ‘నీ మనసులో ఏముంది’ అని అడగడం, కళ్ళజోడు తీసేసి బోర్డు చదవమనడం వంటిది. అయినా ‘ఆందోళన’ అనేది మన ఇళ్ళలో ఎవరు వాడే మాట? మన తెలుగులో భయం ఒంట్లో ఉంటుంది. గుండె దడదడలాడుతుంది, కాళ్ళూ చేతులూ ఆడవు, కడుపులో తిప్పుతుంది, నోరు ఎండిపోతుంది, ముచ్చెమటలు పోస్తాయి. కంగారు, గాభరా, దిగులు, బెంగ అని ఒక్కోదానికీ విడిగా పేరుంది. ఆవిడ ఒక మనిషి బొమ్మ గీసి, ఈ మాటలన్నీ చీటీల మీద రాసి, ఎక్కడ ఏది అంటించాలో వాడినే అంటించమంది. వాడు ‘కడుపులో తిప్పడం’ చీటీని కడుపు మీద, ‘గోళ్ళతో గీరడం’ అని తనే రాసుకున్న కొత్త చీటీని అరచేతి మీద అంటించాడు. ‘దిగులు’ చీటీని పక్కన పెట్టి, “ఇది నాది కాదు, అమ్మది” అన్నాడు. అమ్మ ఆ గదిలోనే ఉంది. ఎదుటివాళ్ళ భావాలు వీళ్ళకు అర్థం కావని మనం తేలిగ్గా అనేస్తాం. తనకూ ఆటిజం ఉన్న బ్రిటిష్ సామాజిక శాస్త్రవేత్త డేమియన్ మిల్టన్ 2012లో వాదించినట్టు, అర్థం కాకపోవడం రెండు వైపులా ఉంది. ‘సహకరించడం లేదు’ అన్న మాట అనేటప్పుడు మనం ఒక వైపు మాత్రమే లెక్క చూస్తున్నాం.

వాడు కాలేజీ ఎందుకు మానేశాడో ఆవిడ మూడో వారంలో తేల్చింది. మాకు తెలిసిందల్లా ‘గంటంటే భయం’ అని. కాలేజీలో వాడి తరగతి గుమ్మం పైనే కరెంటు గంట ఉంది. ఒకరోజు ఆ గంట స్విచ్చి ఇరుక్కుపోయి చాలాసేపు ఆగకుండా మోగిందట; మర్నాటి నుంచి వాడు గేటు దాటలేదు. ఆవిడ కాగితం మధ్యలో గీత గీసి ఒక పక్క ‘నొప్పి’ అనీ రెండో పక్క ‘భయం’ అనీ రాసి, గంటకు సంబంధించిన ఒక్కో విషయాన్నీ ఎటువైపు వేయాలో అడిగింది. గంట చప్పుడు చెవుల్లో సూదిలా దిగడం నొప్పి వైపు వెళ్ళింది. అటెండరు ఒకరోజు రెండు నిమిషాలు ముందు, ఒకరోజు మూడు నిమిషాలు ఆలస్యంగా కొట్టడం, అది ఎప్పుడు మోగుతుందోనని పాఠం వినకుండా గడియారం వైపే చూస్తూ కూర్చోవడం, మళ్ళీ ఇరుక్కుపోతే ఏం చేయాలో తెలియకపోవడం భయం వైపు వెళ్ళాయి.

ఈ గీత గీయడం దగ్గరే చికిత్స మంచిదో చెడ్డదో తేలిపోతుందని నేను నమ్ముతున్నాను. నొప్పి అనేది వాడి నరాలకు నిజంగా కలిగేది. దానికి అలవాటు పడమనడం చికిత్స కాదు, హింస. అక్కడ మారవలసింది ప్రపంచం: బెంచీ గుమ్మానికి దూరంగా జరగాలి, చెవుల్లో పెట్టుకునే ఫోమ్ ప్లగ్గులకు అనుమతి ఉండాలి. ఆవిడ రాసిన ఒక పేజీ ఉత్తరంతో ఆ రెండూ పదిహేను రోజుల్లో జరిగాయి. 2016 వికలాంగుల హక్కుల చట్టం ఆటిజాన్ని గుర్తించిన వైకల్యాల జాబితాలో చేర్చి, విద్యాసంస్థలు అవసరమైన సర్దుబాట్లు చేయాలని చెబుతోంది కాబట్టి, అది మేము బతిమాలుకోవలసిన సంగతి కూడా కాదు. భయం సంగతి అలా కాదు. ఎప్పుడు మోగుతుందో తెలియని గంటలు బతుకంతా ఉంటాయి. అనిశ్చితిని ఓర్చుకోలేకపోవడమే ఈ పిల్లల ఆందోళనకు పెద్ద ఇంధనమని ఇంగ్లండ్‌లోని న్యూకాజిల్ విశ్వవిద్యాలయంలో జాకీ రాడ్జర్స్ బృందం ఏళ్ళ తరబడి చేస్తున్న పని చెబుతోంది. మా ఇంట్లో ఆ సంగతి చెప్పడానికి పరిశోధన అక్కర్లేదు. “కరెంటు ఎప్పుడొస్తుంది, నాన్న ఎన్నింటికి వస్తాడు, సరిగ్గా ఎన్నింటికి?” అని రోజుకు ముప్పైసార్లు విన్నవాళ్ళం.

ఆ భయాన్ని మెట్టు మెట్టుగా ఎదుర్కొనే చికిత్సలో, వాడి కోసం మెట్లు రైల్వే స్టేషన్లయ్యాయి. విజయవాడ జంక్షన్‌లో మొదలు: ఫోన్లో రికార్డు చేసిన గంటను, తక్కువ చప్పుడుతో, వాడే నొక్కి వినడం. కృష్ణా కెనాల్: నేను నొక్కడం, ఎప్పుడు నొక్కుతానో ముందే చెప్పి. మంగళగిరి: అయిదు నిమిషాల్లో ఎప్పుడైనా నొక్కవచ్చు, చెప్పను. నంబూరు: సాయంత్రం తరగతులు అయిపోయాక కాలేజీకి వెళ్ళి ఆ గంటను చూడటం. గుంటూరు: తరగతిలో కూర్చోవడం. ప్రతి స్టేషన్‌లోనూ రైలు ఆగుతుంది, కావాలంటే వెనక్కి కూడా వస్తుంది, ఎవరూ తోయరు. ముందు వాడి జోస్యం రాయాలి: “నాలుగుకు పోతుంది, దిగదు.” తర్వాత జరిగింది రాయాలి: “నాలుగుకు పోయింది. ఆరు నిమిషాల్లో రెండుకు వచ్చింది.” మంగళగిరిలో మేము మూడు వారాలు ఆగిపోయాం. నంబూరులో అటెండరు గారు మా వాడిని స్టూలెక్కించి స్విచ్చి పెట్టె మూత తీసి, ఎక్కడ ఇరుక్కుందో, ఇప్పుడు కొత్త స్విచ్చి ఎలా వేశారో చూపించి, “ఇదిగో నువ్వు నొక్కు నాన్నా” అన్నారు. వాడు నొక్కాడు. ఖాళీ కాలేజీ అంతా మోగింది. వాడు చెవులు మూసుకోలేదు. మూసుకోవడానికి చేతులు ఖాళీ లేవు, ఒకటి స్విచ్చి మీద, ఒకటి అటెండరు గారి భుజం మీద ఉన్నాయి.

అమ్మ పాత్ర గురించి చెప్పకపోతే ఇది సగమే అవుతుంది. ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్‌లో 2005లో పదీ పన్నెండేళ్ళ మధ్య ఆటిజం ఉన్న 71 మంది పిల్లల మీద జరిగిన ప్రయోగంలో, బిడ్డకు మాత్రమే నేర్పినప్పటి కంటే తల్లిదండ్రులకు కూడా నేర్పినప్పుడు ఫలితం మెరుగ్గా వచ్చింది. ఎందుకో మా ఇంట్లో చూశాను. ప్రేమతోనే అమ్మ వాడి భయానికి ఇన్నేళ్ళూ కాపలా కాసింది. మిక్సీ ముందు కేకేయడం, ముప్పైసార్లు అడిగితే ముప్పైసార్లూ జవాబు చెప్పడం, “ఏం కాదులే, నేనున్నానుగా” అనడం, అన్నీ ఆ కాపలాలో భాగమే. ‘ఏం కాదులే’ అన్న మాట మనకు నాలుక మీదే ఉంటుంది, దాన్ని మానడం అమ్మకు మందు మానడంలా కష్టమైంది. దాని బదులు సైకాలజిస్టు నేర్పిన మాట, “ఇప్పుడు ఎంత మీద ఉంది?” అన్నది. మొదటి వారం అమ్మ ఆ మాట అని, లోపలికి వెళ్ళి ఏడ్చేది. తల్లులను తప్పుపట్టడానికి నేనిది రాయడం లేదు. వాళ్ళకు ఇంకో మాట ఎవరూ ఇవ్వలేదు, అంతే.

ఈ చికిత్సను వద్దనేవాళ్ళలో నేను గౌరవించేవాళ్ళు ఉన్నారు. ఆటిజం ఉన్న పెద్దలు కొందరు, చికిత్స పేరుతో మాకు మామూలువాళ్ళలా నటించడం నేర్పారు, ఆ నటనే మమ్మల్ని నలిపేసింది అంటారు. వాళ్ళ మాట నేను తోసిపుచ్చను. మా తమ్ముడి చికిత్సలో కళ్ళలోకి చూడటం, చేతులు ఆడించడం మానేయడం, నలుగురితో కలవడం వంటివి లక్ష్యాలుగా ఉండి ఉంటే నేనే ఆపించేదాన్ని. వాడు ఇప్పటికీ రైళ్ళ గురించే మాట్లాడతాడు, ఇప్పటికీ సంతోషం వస్తే చేతులు ఆడిస్తాడు. తరగతిలో ఎవరైనా ఏడిపిస్తుంటే దానివల్ల వచ్చే భయాన్ని చికిత్సతో తగ్గించాలనుకోవడం కూడా తప్పే. అక్కడ ఏడిపించేవాళ్ళను ఆపాలి. తగ్గవలసింది వాడు తగ్గాలని కోరుకున్న భయం మాత్రమే. సైకాలజిస్టు దగ్గర మొదటి కాగితం మీద వాడు సొంతంగా రాసుకున్న లక్ష్యం, “ఫిజిక్స్ క్లాసు వినాలి” అని.

ఈ పద్ధతికి ఉన్న పరిమితి కూడా చెప్పాలి. నేను చెప్పిన 2020 ప్రయోగంలో ఉన్నవాళ్ళు మాట్లాడగలిగిన పిల్లలు, బుద్ధి పరీక్షలో (ఐక్యూ) కనీసం 70 వచ్చినవాళ్ళు. అసలు మాటలే రాని పిల్లల భయాల గురించి ఆ ఫలితాలు ఏమీ చెప్పవు, వాళ్ళ భయం తక్కువదేమీ కాదు. మందులు అవసరమా కాదా అన్నది సైకియాట్రిస్టు తేల్చవలసిన సంగతి. ఇక మన ఊళ్ళలో తెలుగులో, ఆటిజం తెలిసి, ఈ చికిత్స చేయగలిగినవాళ్ళు దొరకడం ఎంత కష్టమో మాకు అనుభవమే; మేము అడిగిన రెండు చోట్ల కాగితాలన్నీ ఇంగ్లీషులోనే ఉన్నాయి. ‘యాంగ్జైటీ’ అని రాసున్న కాగితాన్ని ‘ఆందోళన’ అని మార్చినంత మాత్రాన అది తెలుగు అయిపోదని మాత్రం నేను వాదిస్తాను. సైకాలజీ చదివే మన పిల్లలకు ఎవరైనా ఒక చీటీల పెట్టె తయారుచేసి ఇస్తే, గుండె దడ, కాళ్ళు ఆడకపోవడం, బెంగ, గాభరా, అన్నీ అందులో వేసి ఇస్తే, అది ఎన్నో పుస్తకాల కంటే ఎక్కువ పనికొస్తుంది.

వాడు ఇప్పుడు ఇంటర్ రెండో సంవత్సరం. నెలలో రెండు మూడు రోజులు ఇప్పటికీ వెళ్ళలేడు. వెళ్ళిన రోజుల్లో మధ్యాహ్నం నాకు ఒక్క అంకె మెసేజ్ పెడతాడు. నిన్నటిది ‘2’. పబ్లిక్ పరీక్షలకు వేరే కాలేజీలో సెంటరు పడుతుంది, అక్కడి గంట ఎలాంటిదో, ఎవరు కొడతారో తెలియదు. వాడు కొత్త కాగితం తీసి పైన సెంటరు పేరు కోసం ఖాళీ వదిలి, కింద ఈసారి గుంటూరు దాటి తెనాలి దాకా స్టేషన్లు రాసుకున్నాడు. జోస్యం గడిలో ఇంకా ఏమీ రాయలేదు. హాల్ టికెట్ వచ్చాక రాస్తానన్నాడు.